ల్యాప్‌టాప్ పోతే మొదటి ఫోన్ ఎవరికి?

ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే గుణదలలో ఎవరి పిల్లలకు ఉద్యోగం వచ్చిందో అడగక్కర్లేదు, వాట్సాప్ స్టేటస్‌లే చెప్పేస్తాయి. ముందు ఆఫర్ లెటర్. కొన్నాళ్లకు మెడలో ట్యాగ్. ఆ తర్వాత కంపెనీ ఇచ్చిన కొత్త ల్యాప్‌టాప్ ఫొటో. ఒక ఇంట్లో దానికి పసుపు, కుంకుమ పెట్టి దేవుడి గదిలో ఉంచుతారు. ఇంకో ఇంట్లో మేరీమాత కొండకు వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వస్తారు. సంతోషమే. ఏళ్ల తరబడి కష్టపడితే ఇంటికొచ్చిన వస్తువు మరి.

కానీ ఆ వస్తువు మనది కాదు. తీసుకునేటప్పుడు ఒక ఫారం మీద సంతకం పెడతాం. మోడల్ పేరు, సీరియల్ నంబరు, కంపెనీ అతికించిన అసెట్ ట్యాగ్, ఛార్జర్, బ్యాగు, అన్నీ అందులో ఉంటాయి. కింద ఎక్కడో, పోయినా పాడైనా ఉద్యోగిదే బాధ్యత అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం ఉంటుంది. జాయినింగ్ రోజు హడావిడిలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. అర్థం అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఆ ఒక్క వాక్యం గురించే ఇవాళ్టి ఈ మాట.

నా అభిప్రాయం సూటిగా చెబుతా. ల్యాప్‌టాప్ దొంగతనం నుంచి కంపెనీని కాపాడేది ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ కాదు. కాపాడేవి రెండే. ఒకటి, ముందే వేసి ఉంచిన ఎన్‌క్రిప్షన్ తాళం. రెండు, పోయిందని తెలిసిన గంటలోపే భయపడకుండా ఫోన్ చేసే ఉద్యోగి. మొదటిది ఐటీ విభాగం పని. రెండోది సగం మీ చేతిలో ఉంది, సగం మీ మేనేజరు మాట తీరులో ఉంది.

ఎక్కడ పోతున్నాయి?

మన ఊరి పిల్లల మొదటి ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో. అంటే మొదటి చిరునామా హాస్టలే. ఒకే గదిలో ముగ్గురు నలుగురు, ఒకే తాళానికి ముగ్గురి దగ్గర మూడు చెవులు, ఎవరో ఒకరు లోపల ఉంటారులే అన్న నమ్మకం. దొంగలకు కావాల్సింది సరిగ్గా ఈ నమ్మకమే.

2024 మార్చిలో బెంగళూరు పోలీసులు ఒక యువతిని అరెస్టు చేసి 24 ల్యాప్‌టాప్‌లు స్వాధీనం చేసుకున్నారు. పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో ఉండేవాళ్లు ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌కి పెట్టి టిఫిన్‌కి వెళ్లినప్పుడు లోపలికి వచ్చి తీసుకెళ్లేదన్నది పోలీసులు చెప్పిన మాట. ముసుగు లేదు, గునపం లేదు. ఆ వయసు పిల్లలే ఉండే చోట ఆ వయసు మనిషి మెట్లెక్కి వస్తే ఎవరూ ఆపి అడగరు. అంతే.

రెండో చోటు ప్రయాణం. శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి విజయవాడకు, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. బస్సులో నిద్ర, పైన అరలో బ్యాగు. మధ్యలో దాబా దగ్గర బస్సు ఆగితే టీకి దిగడం. రైల్లో అయితే సీటు పక్కన ప్లగ్గుకి ల్యాప్‌టాప్ తగిలించి కన్ను మూయడం. విజయవాడ జంక్షన్ లాంటి పెద్ద స్టేషన్లో ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకరినొకరు తోసుకుంటుంటే ఏ బ్యాగు ఎవరి భుజాన ఉందో చూసేదెవరు? పై అరలో కాకుండా కాళ్ల మధ్య పెట్టుకోవడం, బ్యాగు పట్టీని చేతికో కాలికో చుట్టుకోవడం, దిగితే వెంట తీసుకుని దిగడం. ఇవి మన పెద్దలు నగల సంచీ విషయంలో పాటించిన జాగ్రత్తలే. ల్యాప్‌టాప్‌కీ అవే సరిపోతాయి.

ఫోన్‌కి ఉన్న సౌకర్యం దీనికి లేదు

ఫోన్ పోతే ఏం చేయాలో ఇప్పుడు చాలామందికి తెలుసు. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ అనే సేవ ఉంది. 2023 మేలో దేశమంతటికీ వచ్చింది. అందులో ఐఎంఈఐ నంబరు ఇస్తే ఆ ఫోన్‌లో ఏ సిమ్ వేసినా పని చేయకుండా ఆపేస్తారు. అలా దొరికిన ఫోన్లను పోలీసులు సొంతదారులకు తిరిగి ఇస్తున్న ఫొటోలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

దీంతో చాలామంది ల్యాప్‌టాప్‌కీ ఇలాంటిదేదో ఉంటుందిలే అనుకుంటారు. లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో సిమ్ ఉండదు కాబట్టి ఐఎంఈఐ కూడా ఉండదు. సీరియల్ నంబరు ఉంటుంది, కానీ అది నెట్‌వర్క్‌కి సంకేతం పంపే నంబరు కాదు. దొరికినప్పుడు ఇది నాదే అని రుజువు చేయడానికి పనికొస్తుంది, వెతికి పట్టుకోవడానికి కాదు. వై-ఫై కార్డుకి ఉండే మ్యాక్ అడ్రస్ కూడా రూటరు దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్లదు.

మరి ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్? ఉన్నాయి. అవి ఏం చేయగలవో, ఏం చేయలేవో తెలియాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల కనిపించే వై-ఫై నెట్‌వర్క్‌లను బట్టి, లేదా ఐపీ అడ్రస్‌ని బట్టి స్థలాన్ని అంచనా వేస్తాయి. ఐపీ అయితే ఏ ఊరో చెప్పగలదు, ఏ ఇల్లో చెప్పలేదు. విండోస్‌లో ఉన్న ఫైండ్ మై డివైస్ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే పని చేస్తుంది, ఆఫీసు ఖాతాతో కాదు. అందుకే కంపెనీలు ఇన్‌ట్యూన్ లాంటి నిర్వహణ వ్యవస్థలు వాడతాయి. దూరం నుంచే లాక్ చేయడం, డేటా తుడిచేయడం వాటితో కుదురుతుంది. ఆపిల్ మ్యాక్‌లు కొంత మెరుగు. నెట్ లేకపోయినా దగ్గరలో ఉన్న ఇతర ఆపిల్ పరికరాల సాయంతో తమ ఉనికి తెలపగలవు. అబ్సల్యూట్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్ అయితే చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. ఒకసారి దాన్ని ఆన్ చేస్తే, దొంగ విండోస్ మళ్లీ వేసినా, డిస్కు మార్చినా తిరిగి మొలకెత్తుతుంది.

ఇవన్నీ మంచివే. కానీ దాదాపు అన్నిటికీ ఒకటే షరతు. పోయిన యంత్రం ఆన్ కావాలి, నెట్‌కి తగలాలి. దొంగ తెలివైనవాడైతే రెండూ చేయడు. డేటా తుడిచేయమని మీరిచ్చిన ఆదేశం కూడా అది నెట్‌కి తగిలేదాకా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఒకవేళ మ్యాప్ మీద చుక్క కనిపించిందే అనుకుందాం. అది నాలుగంతస్తుల బిల్డింగ్ అయితే ఏ గది తలుపు కొడతారు? కొట్టకండి కూడా. ఆ చుక్కను స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు ఇవ్వండి, స్నేహితులను వెంటేసుకుని మీరే వెళ్లొద్దు.

పాస్‌వర్డ్ వేరు, తాళం వేరు

"పాస్‌వర్డ్ ఉంది కదా, ఏం కాదు" అనే మాట తరచూ వింటుంటాం. దీనికి సమాధానం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దగ్గర ఉంది. 2012 అక్టోబరు 31న వాషింగ్టన్‌లో నాసా ఉద్యోగి ఒకరి కారులోంచి ల్యాప్‌టాప్ పోయింది. కారుకి తాళం ఉంది. ల్యాప్‌టాప్‌కి పాస్‌వర్డ్ ఉంది. డిస్కుకి మాత్రం ఎన్‌క్రిప్షన్ లేదు. అందులో చాలామంది ఉద్యోగుల వ్యక్తిగత వివరాలున్నాయి. ఆ తర్వాతే నాసా, పూర్తి డిస్కు ఎన్‌క్రిప్షన్ లేని ల్యాప్‌టాప్‌ను ఆఫీసు గడప దాటించొద్దని ఆదేశం ఇచ్చింది. రాకెట్లు పంపేవాళ్లకే చేతులు కాలాక ఆకులు దొరికాయి.

తేడా ఏంటంటే, విండోస్ పాస్‌వర్డ్ వీధి తలుపుకి వేసిన గొళ్లెం లాంటిది. స్క్రూడ్రైవరుతో వెనక మూత విప్పి, డిస్కు బయటికి తీసి, ఇంకో కంప్యూటరుకు తగిలిస్తే పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చేసినట్టే. ఫైళ్లన్నీ చదవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉంటే డిస్కు మీద ఉన్న ప్రతి అక్షరమూ గజిబిజిగా మారి ఉంటుంది. తాళం చెవి లేకుండా డిస్కు ఎక్కడ తగిలించినా అర్థం లేని చెత్తే కనిపిస్తుంది. విండోస్‌లో దీని పేరు బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్. దీనికి నెట్ అక్కర్లేదు, దొంగ పొరపాటు చేయాల్సిన పనీ లేదు. ట్రాకింగ్ కంటే ఇది ముందుండాలని నేను అనేది ఇందుకే.

ఇందులో మన వంతు కూడా ఉంది. ప్రయాణానికి ముందు మూత వేసి స్లీప్‌లో వదిలేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. స్లీప్‌లో ఉన్నప్పుడు తాళం చెవి మెమరీలోనే ఉంటుంది. పాస్‌వర్డ్ రాసిన పసుపు చీటీ మూత లోపల అతికిస్తే ఇక ఏ ఎన్‌క్రిప్షనూ ఏమీ చేయలేదు. పని ఫైళ్లు డెస్క్‌టాప్ మీద కాకుండా కంపెనీ ఇచ్చిన క్లౌడ్‌లో ఉంచాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఎన్ని ఇళ్లలో కంప్యూటర్లు నీళ్లపాలయ్యాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. దొంగ ఎత్తుకెళ్లినా, వరద ముంచినా, కాపీ ఇంకోచోట ఉంటేనే పని మిగులుతుంది.

పదమూడు రోజుల మౌనం

2006 మే 3న అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఉద్యోగి ఇంట్లో దొంగలు పడ్డారు. ఒక ల్యాప్‌టాప్, ఒక హార్డ్ డిస్కు పోయాయి. వాటిలో సుమారు 2 కోట్ల 65 లక్షల మంది వివరాలున్నాయి. ఆ ఉద్యోగి అదే రోజు పోలీసులకూ చెప్పాడు, పై అధికారులకూ చెప్పాడు. కానీ ఆ మాట మెట్టు మెట్టు ఎక్కి శాఖ అధిపతి చెవిన పడేసరికి మే 16 వచ్చింది. ప్రజలకు తెలిసింది మే 22న. జూన్ చివర్లో ల్యాప్‌టాప్ దొరికింది. డేటా ఎవరూ తెరవలేదని దర్యాప్తులో తేలింది. అయినా కోర్టు గొడవ తెమిలేసరికి 2009లో ఆ శాఖ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది.

చూడండి, వస్తువు దొరికింది. డేటా భద్రంగానే ఉంది. అయినా పరువూ పోయింది, డబ్బూ పోయింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు చేయడం వల్ల వచ్చిన తంటా అది.

మన దగ్గర కూడా ఇప్పుడు గడియారం తిరుగుతోంది. సైబర్ ఘటన జరిగిందని తెలిసిన 6 గంటల్లో తమకు తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలిచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. డేటా బయటికి పోయిన సంగతి దాస్తే 200 కోట్ల దాకా. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, విడతలవారీగా అమలవుతాయి. పోయిన ల్యాప్‌టాప్‌లో ఏముంది, దాన్ని పైవాళ్లకు తెలియజేయాలా వద్దా అన్నది మీరు తేల్చాల్సిన సంగతి కాదు, కంపెనీ భద్రత బృందం చూసుకుంటుంది. కానీ వాళ్లకు తెలిస్తేనే కదా చూసుకునేది!

భయపెడితే నష్టం కంపెనీకే

ఇప్పుడు ఒక ఫ్రెషర్ని ఊహించుకోండి. జీతం నెలకు పాతిక వేలు. పోయిన ల్యాప్‌టాప్ ఖరీదు దానికి రెండింతలో మూడింతలో. ఓరియెంటేషన్‌లో "పోతే మీ జీతంలోంచి కోసేస్తాం" అని ఒకసారి, "జాగ్రత్త, ఉద్యోగమే పోవచ్చు" అని ఇంకోసారి విన్నాడు. శుక్రవారం రాత్రి బ్యాగు పోయింది. ఏం చేస్తాడు? ముందు రూమ్మేట్లను అడుగుతాడు. హాస్టల్ ఓనరుని సీసీటీవీ చూపించమని బతిమాలతాడు. బస్సు కండక్టరుకో ట్రావెల్స్ ఆఫీసుకో ఫోన్ చేస్తాడు. ఇంట్లో చెప్పడు, నాన్న కంగారు పడతారని. సోమవారం ఉదయం ఇక తప్పదన్నప్పుడు మేనేజరుకి మెయిల్ పెడతాడు. ఈలోపు రెండున్నర రోజులు గడిచిపోయాయి. ఖాతా పాస్‌వర్డులు మారలేదు, లాగిన్‌లు రద్దు కాలేదు, తుడిచేయమన్న ఆదేశం వెళ్లలేదు.

ఆ రెండున్నర రోజుల ఆలస్యానికి కారణం ఆ కుర్రాడి బద్ధకం కాదు. కంపెనీ పెట్టిన భయం. యాభై అరవై వేల వస్తువు కోసం భయపెట్టి, కోట్ల విలువైన డేటాను గాలికి వదిలేయడం ఏ లెక్కన తెలివైన పని?

మేనేజర్ల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, అది కొట్టిపారేసేది కాదు. భయం లేకపోతే అజాగ్రత్త పెరుగుతుంది అంటారు. ఉద్యోగం మానేసి ల్యాప్‌టాప్ తిరిగివ్వనివాళ్లు, అమ్ముకుని పోయిందని చెప్పేవాళ్లు ఉన్నారంటారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా! నిజమే. అందుకే నేను శిక్ష వద్దనడం లేదు, తేడా చూడమంటున్నాను. కారు వెనక సీటు మీద కనిపించేలా వదిలేసి సినిమాకి వెళ్లడం ఒకటి. తాళం వేసిన గది కిటికీ ఊచలు వంచి ఎవరో ఎత్తుకుపోవడం ఇంకొకటి. మొదటి గంటలో ఫోన్ చేసినవాడు ఒకడు, పది రోజులు దాచినవాడు ఇంకొకడు. "వెంటనే చెబితే జీతం కోయం, దాస్తే మాత్రం ఊరుకోం" అని కంపెనీలు పాలసీలో స్పష్టంగా రాయాలి. పరికరాలకు బీమా చేయించాలి. అప్పుడు ఆ శుక్రవారం రాత్రే ఫోన్ మోగుతుంది.

చట్టం కూడా ఇష్టమొచ్చినట్టు కోయమని చెప్పడం లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగికి అప్పగించిన వస్తువు పోయినప్పుడు జీతంలో కోత పెట్టాలంటే, అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జరిగిన నష్టం కంటే ఎక్కువ కోయకూడదు. అన్ని కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగం దాటకూడదు. ఈ మాటలు గొడవ పెట్టుకోవడానికి కాదు. భయంతో నోరు మూసుకోకుండా ఉండటానికి.

ఎఫ్‌ఐఆర్ మీకే రక్ష

కంపెనీకి చెప్పగానే రెండో పని పోలీసు ఫిర్యాదు. "మా పరిధి కాదు" అంటే వెనక్కి వచ్చేయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఇవ్వచ్చు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. రైల్లో పోతే 139కి ఫోన్ చేయండి, కోచ్‌లో ఉన్న టీటీఈకి గానీ రైల్వే పోలీసులకు గానీ చెప్పండి. దిగేదాకా ఆగక్కర్లేదు.

ఫిర్యాదులో ఒక మాట జాగ్రత్త. దొంగతనం జరిగితే దొంగతనమనే రాయండి, "పోగొట్టుకున్నాను" అని రాయొద్దు. భారతీయ న్యాయ సంహితలో ఇంట్లో గానీ, ప్రయాణ వాహనంలో గానీ జరిగే దొంగతనానికి 7 ఏళ్ల దాకా జైలు ఉంది. సీరియల్ నంబరు, అసెట్ ట్యాగ్, రంగు, స్టిక్కర్లు, బ్యాగు గుర్తులు అన్నీ రాయండి. ఇందుకోసమే జాయినైన రోజే ల్యాప్‌టాప్ అడుగు భాగం ఫొటో తీసి సొంత మెయిల్‌కి పంపుకోవాలి. అమ్ముకున్నారేమో అన్న అనుమానం నుంచి మిమ్మల్ని బయటపడేసేది ఆ ఎఫ్‌ఐఆరే.

యంత్రాన్ని వెతకండి, మనిషిని కాదు

ట్రాకింగ్ గురించి ఇంకో వైపు కూడా మాట్లాడుకోవాలి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లోయర్ మెరియన్ స్కూల్ డిస్ట్రిక్ట్ తన హైస్కూలు విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. పోతే కనిపెట్టడానికి అందులో ఒక సాఫ్ట్‌వేర్ వేసింది. అది వెబ్‌క్యామ్‌తో ఫొటోలు తీసి పంపుతుంది. 2010లో బయటపడింది ఏంటంటే, పిల్లలు ఇంట్లో తమ గదుల్లో ఉండగా కూడా వేల కొద్దీ ఫొటోలు తీసింది. చివరికి 6 లక్షల 10 వేల డాలర్లు కట్టి కేసులు రాజీ చేసుకున్నారు.

వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ఇది మనకూ దూరపు కథ కాదు. కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడానికి ఉద్యోగి డేటాను వాడుకునే వీలు మన డేటా రక్షణ చట్టం కూడా ఇచ్చింది. అంటే ట్రాకింగ్ మొత్తంగా తప్పు కాదు. కానీ అదే వీలుతో రాత్రి పదకొండింటికి మీరెక్కడున్నారో చూడటం వేరు. ఏం ట్రాక్ చేస్తారు, ఎప్పుడు చేస్తారు, కెమెరా వాడతారా, ఎవరు చూస్తారు అని అడగడం మర్యాద తప్పడం కాదు. నా మట్టుకు, పోయిందని ఉద్యోగి చెప్పాకే లొకేషన్ చూడాలన్నది సరైన నియమం.

మన వైపు కూడా ఒక గీత గీసుకోవాలి. అక్క పెళ్లి ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌వర్డులు కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉంచొద్దు. తుడిచేయమన్న ఆదేశం వెళ్లిన రోజున అది ఆఫీసు ఫైలు, ఇది ఇంటి ఫొటో అని చూడకపోవచ్చు.

చవకగా దొరికిందని కొనేముందు

ఇంకా ఉద్యోగం రాలేదు, ఇదంతా నాకెందుకు అనుకుంటున్నారా? ప్రాజెక్టు కోసం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే విద్యార్థులు మనలో చాలామంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ లాంటి చోట్ల బిల్లుతో, వారంటీతో మంచివి దొరుకుతాయి. కానీ బిల్లు లేకుండా సగం ధరకు ఎవరో చేతిలో పెట్టే ల్యాప్‌టాప్, పైన చెప్పుకున్న హాస్టల్ కుర్రాడిదే కావచ్చు. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ కొంటే 3 ఏళ్ల దాకా జైలు ఉంది.

డబ్బులిచ్చే ముందు మీ కళ్ల ముందే రీసెట్ చేయించి, నెట్ తగిలించి ఆన్ చేయించండి. కంపెనీలు ఆటోపైలట్ అనే విధానంలో తమ యంత్రాలను మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసి ఉంచుతాయి. ఫార్మాట్ చేసినా మళ్లీ ఆ కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది. అలా అడిగితే, బయోస్‌కి పాస్‌వర్డ్ ఉంటే, స్టిక్కర్ గీకేసిన మచ్చ కనిపిస్తే, దాన్ని అక్కడే పెట్టేసి రండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం మరవొద్దు.

ఇది చదువు కూడా, ఉద్యోగం కూడా

కోడింగ్ తప్ప ఐటీలో ఇంకేం లేదనుకుంటాం. వేల ల్యాప్‌టాప్‌లను కొనడం, నమోదు చేయడం, ఎన్‌క్రిప్ట్ చేయడం, పోయినప్పుడు లాక్ చేయడం ఒక పూర్తి స్థాయి వృత్తి. ఎండ్‌పాయింట్ అడ్మినిస్ట్రేటర్, ఐటీ అసెట్ మేనేజ్‌మెంట్, సర్వీస్ డెస్క్ అనే పేర్లతో ప్రకటనలు వస్తుంటాయి. ఈసీఈ, మెకానికల్ వాళ్లు కూడా ఇందులోకి రావచ్చు. మైక్రోసాఫ్ట్‌లో దీనికి ఎండీ-102 అనే పరీక్ష ఉంది.

మొదలుపెట్టడానికి డబ్బులక్కర్లేదు. మీ సొంత ల్యాప్‌టాప్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే ఆన్ చేసి, 48 అంకెల రికవరీ కీని ఇంకోచోట భద్రపరచండి. అది పోతే మీ ఫైళ్లు మీకే దక్కవు, జాగ్రత్త. ఉచితంగా దొరికే ఏదైనా ట్రాకర్‌ని వేసి, వై-ఫై ఆపి, మళ్లీ పెట్టి, స్థలం ఎంత కచ్చితంగా చూపిస్తుందో రాసుకోండి. "ఉద్యోగి ల్యాప్‌టాప్ పోతే నువ్వేం చేస్తావ్?" అని ఇంటర్వ్యూలో అడిగితే, ఆ రెండు పేజీల అనుభవం పుస్తకంలో చదివిన పది నిర్వచనాల కంటే బాగా మాట్లాడుతుంది.

ఇక జాయినింగ్ రోజు ఐటీ వాళ్లను నాలుగే ప్రశ్నలు అడగండి. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉందా? పోతే ఏ నంబరుకి ఫోన్ చేయాలి, అది రాత్రి పన్నెండింటికి కూడా పలుకుతుందా? బీమా ఉందా? ఏం ట్రాక్ చేస్తున్నారు? కొత్తవాడు ఇన్ని అడుగుతున్నాడేంటి అని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. అడిగినవాడికి వస్తువు విలువ తెలుసని అర్థం.

మొదటి ఫోన్ ఐటీ సర్వీస్ డెస్క్‌కి, రెండోది మేనేజరుకి, మూడోది పోలీసులకి. ఆ తర్వాత ఇంటికి. ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకుంటే సరిపోదు, బ్యాగుతోపాటు ఫోన్ కూడా పోవచ్చు. ఒక చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.